నాన్న లెక్కలో డెబ్బై రెండు

చిన్నప్పటి నుంచీ నాకు పరధ్యానం ఎక్కువ. పాలు పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడితే, పాలు పొంగి, గిన్నె మాడి, అమ్మ వచ్చి చెవి మెలిపెట్టేదాకా తెలిసేది కాదు. "ఎస్తేరు ఇక్కడే ఉంది గానీ మనసు కాజీపేట దాటిపోయింది" అని మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అందరూ నవ్వేవారు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నాకొచ్చిన జబ్బు అచ్చం నా స్వభావంలాగే వచ్చింది. అందుకే ఇంట్లో ఎవరూ దాన్ని గుర్తుపట్టలేదు. నేను అసలే గుర్తుపట్టలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మూడేళ్లు దాటింది. మెట్లెక్కుతున్నాను, పాడుతున్నాను, బస్సు కోసం పరిగెత్తి అమ్మ చేత తిట్లు తింటున్నాను. ఆ రోజులు ఇంకా నన్ను వదల్లేదు కాబట్టి, ఒకసారి రాసి పక్కన పెడదామని కూర్చున్నాను. ఎవరైనా మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని "బాగానే ఉందిలే" అనుకునే ముందు కాస్త ఆగుతారన్న ఆశ కూడా ఉంది.

జూన్, 1994

నాన్న రైల్వేలో గుమాస్తాగా చేసి ఆ ఏడాదే రిటైరయ్యారు. మాది గుంటూరు వైపు. పాతికేళ్లు క్వార్టర్స్‌లో ఉన్నాక తార్నాకలో ఒక మేడ మీది వాటాలోకి మారాం. అమ్మ స్కూల్లో టీచరు. నేను దగ్గర్లోని యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. క్యాంపస్‌కి రోజూ నడిచే వెళ్లేదాన్ని.

నాన్న ఉద్యోగం గుమాస్తాగిరీయే గానీ ఆయన ప్రాణమంతా ఆదివారాల్లో ఉండేది. మెట్టుగూడలో మా చర్చి పాటల బృందానికి ఆయనే మాస్టారు. హార్మోనియం ఒకరు, డోలక్ ఒకరు వాయించినా తాళం మాత్రం నాన్న చెయ్యి. అరచెయ్యి తొడ మీద బోర్లా పడితే దెబ్బ. వెల్లకిలా తిరిగితే ఖాళీ. ఆ ఖాళీలో ఎవరూ పాడరు, ఏదీ మోగదు, కానీ లెక్కలో అదీ ఒకటి. "పాట ఆగినా తాళం ఆగకూడదు" అన్నది ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం. చిన్నప్పుడు ఖాళీలో తొందరపడి గొంతెత్తితే ఆయన ఏమీ అనేవారు కాదు, ఒక్క చూపు చూసేవారు. ఆ చూపు కన్నా రెండు దెబ్బలు తినడం నయం.

అమ్మకి తాళం రాదు. పెళ్లై ఈ ఊరొచ్చిన కొత్తల్లోనే ఆమె పాటలో అందరికన్నా ఒక అడుగు ముందో, ఒక అడుగు వెనకో ఉంటుందని నాన్న కనిపెట్టి, మర్యాదగా బృందంలోంచి తప్పించి, చిన్నపిల్లల్ని అల్లరి చెయ్యకుండా కూర్చోబెట్టే పని అప్పగించారు. అమ్మ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

రిటైరయ్యే ముందు నాన్నకి బీపీ వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగకముందు, కాసేపు కదలకుండా కూర్చుని నాడి చూసుకోమని డాక్టరు చెప్పాడు. నాన్న దాన్ని ఇంటి పద్ధతి చేసేశారు. ఆరు గంటలకి కుటుంబ ప్రార్థన, వాక్యం చదవడం, ఒక కీర్తన. ఆమెన్ అనగానే కళ్లు తెరవకముందే మా మణికట్లు ఆయన చేతిలో ఉండేవి. చేతిగడియారం విప్పి మోకాలి మీద పెట్టుకుని, ముందు తనది, తర్వాత అమ్మది, ఆఖర్న నాది చూసి, గోడ మీది చర్చి క్యాలెండరులో ఆ రోజు గడిలో చిన్న అంకెలు వేసేవారు. స్కూల్లో హాజరు వేసినట్టే.

అమ్మది ఒకరోజు డెబ్బై ఎనిమిది, ఇంకోరోజు ఎనభై నాలుగు. "మీ అమ్మ గుండె కూడా ఆమె పాటలాగే" అని నాన్న ఏడిపించేవారు. నాది మాత్రం ఎప్పుడు చూసినా డెబ్బై రెండు. క్యాలెండరు నిండా నా వరసలో అదే అంకె. నాన్నకి అది చూస్తే ముచ్చట. నాకూ కొంచెం గర్వంగానే ఉండేదని ఒప్పుకోవాలి.

జూలై, ఆగస్టు

మొదటిసారి ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా చెప్పలేను. నాకు గుర్తున్నది మాత్రం వాన వెలిసిన ఒక మధ్యాహ్నం. క్యాంపస్ రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది. దాని మీద తురాయి చెట్ల ఆఖరి పూలు రాలి ఉన్నాయి. నడుస్తుంటే ముందు చప్పుళ్లు తగ్గాయి. ఎదురుగా వస్తున్న సైకిల్ బెల్లు కొడుతున్నట్టు కనిపిస్తోంది, వినిపించడం లేదు. తర్వాత ఎరుపు పలచబడింది. నేను నేలకి ఒక జానెడు ఎత్తున తేలుతున్నాననిపించింది. అంతలో చెవిలో చిన్న హోరు, మళ్లీ సైకిల్ బెల్లు, మళ్లీ పూలు. సైకిలతను నన్ను దాటి వెనక్కి తిరిగి చూస్తూ పోయాడు. నాకు భయం వెయ్యలేదు. బాగుందనిపించింది.

అప్పటి నుంచి అది వారానికోసారి, తర్వాత రెండు మూడు రోజులకోసారి వచ్చింది. మా శాఖలో ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు కుట్టి దాచే గది ఒకటుంది. పాత కాగితం, కలరా ఉండల వాసన. నా పని అంతా అక్కడే. ఎప్పుడో ఎవరో కోసి తెచ్చిన ఆకు ఒకటి నా ముందు ఉండేది, దాని ఈనెలు చూస్తూ కూర్చుంటే గది మెల్లగా నీళ్లలో మునిగినట్టయ్యేది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించేవి. మళ్లీ ఎవరో నెమ్మదిగా నన్ను తెచ్చి కుర్చీలో దింపినట్టుండేది. దానికోసం ఎదురుచూసిన రోజులు కూడా ఉన్నాయి. సిగ్గుగా ఉన్నా నిజం అది.

నా పక్క బల్ల స్వరూపది. నల్లగొండ దగ్గర పల్లె వాళ్లది, విద్యానగర్‌లో గది తీసుకుని ఉండేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఏందే ఎస్తేర్, గట్ల చూస్తున్నవ్? మూడుసార్లు పిలిచిన. పలుకవైతివి."

"ఆలోచిస్తున్నా."

"ఆకు మీద ఏం ఆలోచనే? లగ్గం సంబంధమా అది?"

ఇద్దరం నవ్వుకున్నాం. పరధ్యానం మనిషినన్న పేరు అంత పనికొస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆగస్టుకి నవ్వు తగ్గింది. మా మేడకి ఇరవై రెండు మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకుని, ఎవరైనా చూస్తే చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు వంగేదాన్ని. శనివారం పాటల సాధనలో సాగదీసి పాడాల్సిన చోట ఊపిరి అందేది కాదు. సాయంత్రం ఇంటికొస్తే సంచి కూడా తియ్యకుండా పడుకునేదాన్ని. అమ్మ లైటు వెయ్యకుండా వచ్చి నా పక్కన కూర్చుని నుదురు పట్టుకుని చూసేది. జ్వరం ఉండేది కాదు. అదే ఆమెకి ఇంకా భయం.

"డాక్టరుకి చూపిద్దామండీ" అంది ఒకరోజు నాన్నతో.

"దేనికి? పొద్దున్నేగా చూశాను. డెబ్బై రెండు. గడియారం కన్నా నయం. రక్తం తక్కువై ఉంటుంది, వేరుశెనగపప్పు, బెల్లం పెట్టు."

"మీరు చెయ్యే చూస్తున్నారు. పిల్ల మొహం చూడండి ఒకసారి."

"మొహం చూసి జబ్బు చెప్పే చదువు నువ్వెప్పుడు చదివావు?"

అమ్మ చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. నన్ను అడిగితే నేను నాన్న వైపే మాట్లాడాను. "ఏం లేదమ్మా, అలసట" అన్నాను. డిసెంబరులోగా ఒక అధ్యాయం రాసి ఇవ్వాలి, జబ్బు పడే తీరిక లేదు. అది ఒక కారణం. రెండోది, ఆ అంకె వెనక దాక్కోవడం నాకు హాయిగా ఉండేది. నాన్న లెక్క తప్పుతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నేను అంతకన్నా అనుకోలేదు.

సెప్టెంబరు

నెల ఆఖరు రోజు, శాఖలో పైఅరలోంచి మొక్కల అట్టల కట్ట ఒకటి దించబోయాను. చెయ్యి పైకెత్తడం గుర్తుంది. తర్వాత నా చెంపకి చల్లగా గచ్చు తగలడం, చుట్టూ ఎండుటాకుల అట్టలు, స్వరూప మొహం.

"లే, లే, లే" అంటోంది ఏడుపు గొంతుతో. "ఎస్తేర్, కండ్లు తెరువే."

"తెరిచే ఉన్నాయి" అన్నాను. ఇద్దరిలో నేనే ధైర్యంగా ఉన్నాను, నాకు సంగతి తెలియదు కాబట్టి.

ఆమె నన్ను ఇంటికి పోనివ్వలేదు. ఆటో పిలిచి, క్యాంపస్‌లోనే ఉన్న హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లింది. అక్కడ చెక్కబెంచీ మీద మాకు ముందు నలుగురున్నారు. హాస్టల్ అమ్మాయి ఒకతె దగ్గుతూ, నా మొహం చూసి లేచి నిలబడి తన చోటు నాకిచ్చింది. పేరు కూడా అడగలేదు ఆమెని. నా తల స్వరూప భుజం మీద ఉంది. కిటికీ బయట వేపచెట్టు గాలికి ఊగుతుంటే, ఊగిన ప్రతిసారీ గది కూడా కాస్త ఒరిగినట్టుండేది.

అక్కడి నర్సు బాలమణి సిస్టర్ వచ్చింది. రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి, తలంతా తెలుపు, తెల్లచీర భుజానికి పిన్నుతో ఒక గడియారం తగిలించి ఉంది.

"ఏమైంది బిడ్డా? సరె, ఇప్పుడు చెప్పకు. పది నిమిషాలు ఉత్తగ కూసో. మెట్లెక్కి వచ్చినంక, చాయ్ తాగినంక, లొల్లి పెట్టుకున్నంక నాడి చూస్తె అది అసలు లెక్క కాదు."

పది నిమిషాలయ్యాక నా చెయ్యి పట్టుకుంది. ఆమె పెదవులు కదల్లేదు. ఒక నిమిషం చూసింది. మళ్లీ ఇంకో నిమిషం చూసింది.

"నలభై ఎనిమిది."

"కాదండీ, నాది డెబ్బై రెండు" అన్నాను. ఎవరో నా ఇంటిపేరు తప్పు పలికినట్టు. "మా నాన్న రోజూ చూస్తారు."

"ఎట్ల చూస్తడు? పావు నిమిషం చూసి నాలుగు పెట్టి గుణిస్తడా?"

"లేదు. నిమిషం నిండా చూస్తారు."

ఆమె కనుబొమ్మలు ముడిచింది. "గట్లయితె మీ నాయినను పిలువుండ్రి" అంది స్వరూపతో.

మా ఇంటి ఓనరు వాళ్లకి ఫోన్ చేసి చెప్తే, అరగంటలో నాన్న వచ్చారు. ఆటో దిగి లోపలికొచ్చేలోపే చొక్కా అంతా చెమట. నన్ను చూసి, తల నిమిరి, కుదుటపడి, అప్పుడు సిస్టర్ చెప్పింది విన్నారు. వినగానే మొహం మారింది. భయం కాదు, అవమానం.

"నలభై ఎనిమిదేంటమ్మా? పొరపాటు పడి ఉంటారు. పొద్దున్నే చూశాను నేను."

ఆమె వాదనకి దిగలేదు. "సార్, మీరు గా చెయ్యి పట్టుకోండ్రి. నేను గీ చెయ్యి పట్టుకుంట. గోడ గడియారంల ముల్లు పన్నెండు మీదికి రాంగనె షురూ."

నేను మధ్యలో కూర్చున్నాను, ఒక్కో చెయ్యి ఒక్కొక్కరి దగ్గర. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉందో! వేపాకులు ఊగుతున్నాయి, స్వరూప గోళ్లు కొరుక్కుంటోంది, నాన్న కుడిచెయ్యి అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేస్తోంది. ముల్లు మళ్లీ పన్నెండుకి చేరింది.

"డెబ్బై రెండు" అన్నారు నాన్న.

"నలభై ఎనిమిది" అంది సిస్టర్.

"ఒక్క పిల్లకు రెండు గుండెలున్నయా ఏంది?" అంది స్వరూప.

సిస్టర్ నాన్న చేతినే చూస్తోంది. "సార్, ఈసారి పైకి లెక్కపెట్టుండ్రి."

నాన్న మొదలుపెట్టారు. ఒకటి అన్నప్పుడు అరచెయ్యి తొడ మీద పడింది. రెండు అన్నప్పుడు మళ్లీ పడింది. మూడు అన్నప్పుడు వెల్లకిలా తిరిగింది. నాలుగు, దెబ్బ. అయిదు, దెబ్బ. ఆరు, చెయ్యి మళ్లీ వెల్లకిలా.

"ఆగుండ్రి. ఆరు అన్నప్పుడు మీ ఏళ్లకు ఏం తాకింది సార్?"

"ఆరు దగ్గర..." నాన్న ఆగారు. "అది ఖాళీ కదమ్మా."

"ఖాళీ అంటె?"

"అక్కడ దెబ్బ ఉండదు. కానీ లెక్కలో..."

తన మాట తనకే వినపడింది. తొడ మీద ఆ చెయ్యి వెల్లకిలా అలాగే ఉండిపోయింది. నా వైపు చూడకుండా, "మూడు నెలల నుంచీ ఇలాగే కొడుతోంది. రెండు దెబ్బలు, ఒక ఖాళీ. ఎంత నిఖార్సైన తాళంలో ఉందో అనుకున్నాను. నా కూతురు కదా అనుకున్నాను" అన్నారు.

నా గుండె సంగతి నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. నాన్న మొహం మాత్రం అర్థమైంది. ఆయన అలా కావడం నేనెప్పుడూ చూడలేదు.

సిస్టర్ ఆయనకి మంచినీళ్లిచ్చింది. డాక్టరు కోసం కబురు పంపి, ఆయనొచ్చేలోపు మాకు చెప్పిన మాటల్ని నేను తర్వాత నా నోటుబుక్కులో రాసుకున్నాను. "ఉత్తగ కూసున్నప్పుడు అరవై నుంచి నూరు దాక పెద్దోళ్లకు మామూలె. రోజు ఉరికేటోళ్లకు, ఆటలాడేటోళ్లకు ఇంకింత తక్కువున్నా ఏం గాదు. ఒక్క నంబర్ చూసుకొని పరేషాన్ గావద్దు, ఒక్క నంబర్ చూసుకొని ధీమాగ గూడ ఉండొద్దు. కొట్టుకున్నదాన్నే లెక్కపెట్టాలె, ఆగితె ఆగిందని చెప్పాలె. నాడి తక్కువుండి కండ్లు తిరిగినా, పడిపోయినా, దమ్ము రాకున్నా, ఛాతిల నొప్పి లేసినా ఒక్క గంట గూడ ఆగొద్దు. ఉత్తగ కూసున్నా నూరు దాటి ఉరుకుతుంటె అదీ చూపెట్టుకోవాలె. బిడ్డ మూడు నెలల నుంచి మనకు చెప్తనె ఉన్నది సార్, మెట్ల మీద ఆగి ఆగి."

మెట్ల మీద ఆగడం ఆమెకి స్వరూప చెప్పింది. స్వరూపకి ఎలా తెలుసో నాకిప్పటికీ తెలియదు. డాక్టరు వచ్చి చూసి, ఒక కాగితం రాసి, ఈ రోజే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు.

అక్టోబరు

పెద్దాసుపత్రిలో ఉన్న ఆ రోజుల్ని వరసగా చెప్పమంటే చెప్పలేను. ముక్కలుగా గుర్తున్నాయి. ఛాతీ మీద చల్లటి జిగురు. వైర్లు. సన్నటి గళ్ల కాగితం మీద నా గుండె రాసిన గీతలు. బయట హాల్లో ఇనప కుర్చీల వరస. అక్కడ అంబర్‌పేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, భర్త కోసం ఎదురుచూస్తూ, నా పాదాలు చల్లగా ఉన్నాయని తన శాలువా తీసి కప్పింది. "నీది పెండ్లయిందా బిడ్డా? కాలేదా? అయితది, అయితది. ముందు ఇది అయిపోనీ" అంది. మర్నాడు ఆమె కనపడలేదు. శాలువా మా దగ్గరే ఉండిపోయింది.

గుండె డాక్టరు ఒక కాగితం మీద రెండు గదులు గీశారు. "పై గది పిలుస్తుంది, కింది గది కొడుతుంది. నీ పై గది నిమిషానికి డెబ్బై రెండు సార్లు పిలుస్తూనే ఉంది. దారిలో ఎక్కడో తీగ పాడైంది. మూడు పిలుపుల్లో రెండే కిందికి అందుతున్నాయి" అన్నారు.

"డెబ్బై రెండా?" అన్నాను. నాన్న లెక్క సంగతి చెప్పాను.

ఆయన కలం పక్కన పెట్టి నవ్వారు. "మేం మిషన్ పెడితే గానీ చెప్పలేం ఆ సంగతి. మీ నాన్నగారు లెక్కపెట్టింది పై గదిని. లెక్క తప్పు కాదు. కానీ అమ్మా, చేతికి అందనిది అందినట్టు రాసుకోకూడదు. నాడి చూసేది దానికోసం కాదు."

అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. పొద్దున, సాయంత్రం టిఫిన్ డబ్బా తెచ్చి ఆయన పక్క కుర్చీలో పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. నాన్న ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తియ్యకుండా కూర్చునేవారు. డాక్టరు మాట ఆయనకి చెప్తే తేలికపడతారని ఎంతో ఆశపడి చెప్పాను.

"డాక్టరు మంచివాడు" అన్నారు. డబ్బా పక్కన పెట్టి, "నిన్ను బతికించేది ఆ సిస్టరమ్మ లెక్క తల్లీ. నాది కాదు" అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం పిలుపులేవీ కిందికి అందలేదు. నాకు తెలిసింది ఒక్కటే. నా మంచం తార్నాక చౌరస్తా మీదుగా, చెట్ల తలల మీదుగా తేలిపోతోంది. కింద క్యాంపస్ రోడ్డు, దాని మీద ఎర్రపూలు. చాలా ప్రశాంతంగా ఉంది. దిగాలనిపించలేదు. ఎవరో నా చెంపలు గట్టిగా తడుతూ పేరు పెట్టి పిలుస్తుంటే విసుగొచ్చింది కూడా. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పుడు నాకు చెమటలు పడతాయి. అంత హాయిగా పోతారని, పోయేవాళ్లు చెప్పలేరు కదా.

ఆ సాయంత్రం తాత్కాలికంగా గుండెలోకి ఒక తీగ వేశారు, వారం తర్వాత ఎడమ భుజం కింద గుండెని కొట్టించే చిన్న యంత్రం, పేస్‌మేకర్ పెట్టారు. తీగ వెయ్యగానే ముందుగా మారింది రంగులు. పచ్చటి పరదా పచ్చగా కనిపించింది. నేను జూలై నుంచీ ఎంత వెలిసిపోయిన లోకంలో తిరిగానో అప్పుడు తెలిసింది. తలుపు దగ్గర అమ్మ, నాన్న పక్కపక్కన నిలబడి ఉన్నారు. అమ్మ చేతిలో నాన్న చొక్కా చేతి అంచు ఉంది. తాను పట్టుకున్నట్టు ఆమెకే తెలియదనుకుంటాను.

డిసెంబరు

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక నియమం పెట్టారు. రోజూ పొద్దున్నే నిమిషం నిండా నాడి చూడాలి. యంత్రాన్ని డెబ్బైకి పెట్టారు. అంతకన్నా తగ్గినా, మధ్యలో ఆగినా, కళ్లు తిరిగినా వెంటనే రావాలి.

చూసేదెవరు? నేనే చూసుకోబోయాను. నాలుగు రోజులకి నాకు అర్థమైంది, నేనూ నాన్న శిష్యురాలినే. ఏదో ఆలోచనలో వేలు జారినా నా లోపల తాళం నడిచిపోతూనే ఉంటుంది, అంకె నిండిపోతుంది. నా లెక్క నాకే నమ్మకం లేదు. నాన్న సంగతి చెప్పక్కర్లేదు. ఆమెన్ అనగానే ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయి, కింద పాలబండి వంక చూస్తూ నిలబడేవారు. పాటల బృందం వాళ్లు క్రిస్మస్ సాధనకి రమ్మని మెట్లెక్కి వచ్చి అడిగితే గొంతు బాగాలేదన్నారు. తాళానికి గొంతుతో పనేమిటని వాళ్లు అడగలేదు. క్యాలెండరు గడులు సెప్టెంబరు నుంచి ఖాళీగానే ఉన్నాయి.

ఆఖరికి అమ్మ చూసింది. సుద్దముక్క పట్టుకునే వేళ్లతో నా చెయ్యి పట్టుకుని, పెదవులు కదుపుతూ, తగిలినదాన్ని తగిలినట్టు ఒక్కొక్కటే ఏరుకుంటూ లెక్కపెట్టింది. లోపల ఏ తాళమూ లేని మనిషి కాబట్టి, రానిదాన్ని వచ్చిందనుకునే ప్రమాదం ఆమెకి లేదు. "డెబ్బై" అంది. నేను పకపకా నవ్వాను.

"ఏంటే?"

"ఈ ఇంట్లో నాడి చూడ్డం వచ్చింది నీకొక్కదానికే అమ్మా."

"మరి! ఇన్నేళ్లూ పిల్లల దగ్గర కూర్చోబెట్టారు నన్ను" అంది బాల్కనీకి వినపడేలా.

నాకు ఆ నెలంతా అదే బెంగ. నా గుండెని యంత్రం చూసుకుంటోంది. నాన్నని ఎవరు చూసుకుంటారు? స్వరూప వచ్చేది, నా బదులు తనే చీటీలు రాసిపెట్టిన మొక్కల అట్టలు చూపించేది, "అంకుల్, ఒక పాట పాడుండ్రి" అని సతాయించేది. నాన్న నవ్వి ఊరుకునేవారు. ఆయన చేతులు ఒళ్లో అలా పడి ఉండేవి. భోజనం ముందు ప్రార్థనలో ఆ చెయ్యి నా చేతికి తగిలితే చప్పున వెనక్కి తీసుకునేవారు. దానికన్నా భుజం కింద కుట్లు నయమనిపించేది.

క్రిస్మస్‌కి వారం ముందు ఒక పొద్దున ప్రార్థన అవగానే అమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. "పరీక్షలు, త్వరగా వెళ్లాలి. ఏమండీ, పిల్ల నాడి చూడండి" అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. ఆ రోజు పరీక్షలు పది గంటలకని నాకు తర్వాత తెలిసింది.

నాన్న బాల్కనీ వైపు చూశారు. నా వైపు చూశారు. నేను చెయ్యి చాపి కూర్చున్నాను, కావాలనే. డాక్టరు చెప్పిన నియమం కదా, ఒక్కరోజు కూడా తప్పకూడదు.

ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని గడియారం విప్పారు. దాన్ని మోకాలి మీద పెట్టుకున్నారు. తర్వాత ఒక పని చేశారు. కుడిచేతిని తీసి తన తొడ కింద పెట్టుకుని, దాని మీద గట్టిగా కూర్చున్నారు, అల్లరి పిల్లాణ్ణి పట్టి కూర్చోబెట్టినట్టు. ఎడమచేతి వేళ్లు నా మణికట్టు మీద ఆనించారు.

కళ్లు మూసుకోలేదు. పైకే లెక్కపెట్టారు, అమ్మలాగే ఒక్కొక్కటే ఏరుకుంటూ. కింద పాలబండి గంట వినిపించింది. ఎవరిదో రేడియో మోగుతోంది. నలభై ఎనిమిది దాటాక నాకు ఏడుపొచ్చింది. కదిలితే లెక్క తప్పుతుందని ఏడవకుండా కూర్చున్నాను.

"డెబ్బై" అన్నారు.

ముల్లు పన్నెండు దాటింది. ఆయన చెయ్యి వదల్లేదు. ఇంకో నిమిషం కూడా అయిపోయింది.

"నాన్నా, అయిపోయిందిగా."

"తెలుసమ్మా. ఉండు." గడియారం వంక ఇంకోసారి చూశారు. "మధ్యలో ఒక్కటి కూడా ఖాళీ లేదు" అన్నారు. తల పైకెత్తి, మూడు నెలల తర్వాత మొదటిసారి నా కళ్లలోకి చూశారు. "ఉంటే చెప్పేవాణ్ణి."